ఫ్యాటీ లివర్: బరువు తగ్గడమా, మాత్రా, ఇంజెక్షనా, ఆపరేషనా?

స్కానింగ్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2’ అని కనిపించగానే, దాన్ని గ్రేడ్ 1కి దించే మందేమిటని వెతకడం మొదలుపెడతారు. కానీ చికిత్సను తేల్చేది ఆ గ్రేడ్ కాదు. అల్ట్రాసౌండ్‌లో రాసే గ్రేడ్ కాలేయంలో కొవ్వు ఎంత కనిపిస్తోందో మాత్రమే చెబుతుంది. కాలేయం దెబ్బతిందా, తింటే ఎంతవరకు అన్నది దాన్నిబట్టి తెలియదు. గ్రేడ్ 3 ఉన్నా కాలేయం మెత్తగానే ఉన్నవాళ్లు ఉంటారు. గ్రేడ్ 1 అని రాసి ఉన్నా లోపల సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి బాగా గట్టిపడిపోవడం) దాకా వచ్చినవాళ్లూ ఉంటారు. వ్యాధి బాగా ముదిరినప్పుడు కాలేయంలో కొవ్వు తగ్గిపోవడం కూడా మామూలే.

చూడాల్సింది ఫైబ్రోసిస్, అంటే కాలేయంలో మచ్చ కట్టడం. దీన్ని ఎఫ్0 నుంచి ఎఫ్4 వరకు లెక్కేస్తారు. ఎఫ్0 అంటే మచ్చ లేదు, ఎఫ్4 అంటే సిర్రోసిస్. గత రెండు మూడేళ్లలో ఈ జబ్బుకు వచ్చిన కొత్త మందులన్నీ ఈ దశల లెక్క మీదే ఆమోదం పొందాయి. కాబట్టి ఏ దారి మంచిదో పోల్చే ముందు మీరు ఏ దశలో ఉన్నారో తెలియాలి. ఇది తెలియకుండా మందులు పోల్చుకోవడం వృథా అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో మాట. 2023 జూన్‌లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు కలిసి ఈ జబ్బు పేరు మార్చాయి. పాత రిపోర్టుల్లో ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ అని ఉండేది ఇప్పుడు ఎంఏఎస్‌ఎల్‌డీ అయింది. కొవ్వుతో పాటు కాలేయ కణాల్లో వాపు కూడా ఉంటే పాత పేరు నాష్, కొత్త పేరు మాష్. రెండు రిపోర్టుల్లో రెండు పేర్లు కనిపిస్తే రెండు జబ్బులు వచ్చాయని కంగారు పడొద్దు.

ముందు పరీక్షల సంగతి

అన్నిటికంటే తేలికైనది ఫిబ్-4. ఇందుకు కొత్త పరీక్ష అక్కర్లేదు, మామూలు రక్త పరీక్షల్లో వచ్చే అంకెలు చాలు. వాటిలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనేవి కాలేయ ఎంజైములు. వయసును ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఫిబ్-4. ప్లేట్‌లెట్లు 2 లక్షలు అని ఉంటే లెక్కలో 200 అని వేసుకోవాలి. ఉదాహరణకు 50 ఏళ్ల వ్యక్తికి ఏఎస్‌టీ 60, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుందాం. 50ని 60తో గుణిస్తే 3000. 64 వర్గమూలం 8, దాన్ని 200తో గుణిస్తే 1600. భాగిస్తే దాదాపు 1.9.

1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం బాగా తక్కువ. 2.67 దాటితే కాలేయ నిపుణుల దగ్గరికి వెళ్లాల్సిందే. మధ్యలో ఉంటే రెండో పరీక్ష కావాలి. వయసు 65 దాటినవారికి కింది హద్దు 1.3 బదులు 2గా తీసుకుంటారు. 35 ఏళ్లలోపు వారిలో ఈ లెక్కను నమ్మలేం. ఫిబ్-4 బలమంతా ‘లేదు’ అని చెప్పడంలో ఉంది. ఎక్కువ వచ్చినంత మాత్రాన ఫైబ్రోసిస్ ఉన్నట్టు కాదు, ఇంకా వెతకాలని అర్థం.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ నార్మల్‌గా ఉంటే కాలేయం బాగున్నట్టే అనుకుంటారు. అవి నార్మల్‌గా ఉంటూనే ఫైబ్రోసిస్ ముదరొచ్చు. షుగర్ ఉన్నవారు ఈ నార్మల్ రిపోర్టు చూసి ధీమాగా ఉండకూడదు.

రెండో మెట్టు ఫైబ్రోస్కాన్. ఇది కాలేయం ఎంత గట్టిపడిందో కిలోపాస్కల్స్‌లో కొలుస్తుంది. 8 కంటే తక్కువైతే నిశ్చింత, 8 నుంచి 12 మధ్య అనుమానం, 12 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం ఎక్కువ. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. అయితే భోజనం చేసి వెళ్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, కనీసం 3 గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి. కామెర్లు ఉన్నప్పుడు, గుండె బలహీనపడి కాలేయంలో రక్తం నిలిచినప్పుడు, హెపటైటిస్‌తో ఏఎల్‌టీ బాగా పెరిగి ఉన్నప్పుడు కూడా అంకె తప్పుగా పెరుగుతుంది. లావుగా ఉన్నవారికి ఎక్స్ఎల్ ప్రోబ్ వాడాలి. రిపోర్టులో కొలతల మధ్య తేడాను చూపే ‘ఐక్యూఆర్’ శాతం 30 దాటి ఉంటే ఆ కొలత మీద ఆధారపడకుండా మళ్లీ చేయించుకోవడం మేలు.

ఫైబ్రోస్కాన్ లేని చోట ఈఎల్‌ఎఫ్ అనే రక్త పరీక్ష ఉపయోగపడుతుంది. ఎంఆర్ఐ యంత్రంతో కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఎంఆర్ ఎలాస్టోగ్రఫీ వీటన్నిటికంటే కచ్చితమైనది, కానీ అందరికీ అక్కర్లేదు. ఫైబ్రోస్కాన్‌కూ రక్త పరీక్షకూ పొంతన కుదరనప్పుడు దాని అవసరం పడుతుంది. ఇక బయాప్సీ. ఒకప్పుడు అదే తుది మాట. నిజానికి అందులో తీసే ముక్క కాలేయంలో సుమారు 50,000వ వంతే, ఒకే ముక్కను ఇద్దరు నిపుణులు చూసి రెండు దశలు చెప్పడమూ ఉంది. కొత్త మందులు మొదలుపెట్టడానికి ఇప్పుడు బయాప్సీ తప్పనిసరి కాదు. ఫ్యాటీ లివర్‌తో పాటు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లాంటి మరో జబ్బు ఉందేమోనన్న అనుమానం ఉంటే మాత్రం బయాప్సీని మించింది లేదు.

ఎవరు ఎంత తొందరపడాలి అనేదానికి ఒక అంచనా. 2015లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, కొవ్వు మాత్రమే ఉన్నవారిలో ఫైబ్రోసిస్ ఒక దశ ముదరడానికి సగటున 14 ఏళ్లు, వాపు కూడా ఉన్నవారిలో 7 ఏళ్లు పడుతుంది. కొందరిలో అంతకంటే చాలా వేగంగా సాగుతుంది. అంటే ఎఫ్0, ఎఫ్1 దశలో ఉన్నవారికి చేతిలో సమయం ఉంది, ఎఫ్3లో ఉన్నవారికి అంత లేదు.

బరువు తగ్గడం: అన్నిటికీ పునాది

మందులు వచ్చాక ఈ మాట పాతబడిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. క్యూబాలో 293 మంది మీద ఏడాదిపాటు జరిగి 2015లో వెలువడిన అధ్యయనం ఇందుకు మంచి ఆధారం. బరువులో 10 శాతం, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో 90 శాతం మందికి నాష్ పోయింది, 45 శాతం మందికి ఫైబ్రోసిస్ కూడా వెనక్కి తగ్గింది. ఈ జబ్బుకు ఎఫ్‌డీఏ ఆమోదించిన కొత్త మందుల పరీక్షల్లో ఈ స్థాయి ఫలితం రాలేదు. కానీ ఆ 10 శాతం గీత దాటగలిగింది పదిమందిలో ఒక్కరే. చికిత్సగా ఇది ఎంత గొప్పదో, సాధించడం అంత కష్టం. ‘మీరు బరువు తగ్గలేదు కాబట్టి తప్పు మీదే’ అనే ధోరణి రోగులకు చేసిన కీడు తక్కువ కాదు.

మెట్లు చిన్నవిగా పెట్టుకుంటే సాధ్యమవుతుంది. 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది. 7 శాతం దగ్గర వాపు తగ్గడం మొదలవుతుంది. ఫైబ్రోసిస్ కదలాలంటే 10 శాతం కావాలి. బరువు మామూలుగానే ఉండి ఫ్యాటీ లివర్ వచ్చినవారికి 3 నుంచి 5 శాతం తగ్గినా మేలు కనిపిస్తుంది. వారానికి 150 నిమిషాల వ్యాయామం చేస్తే, తూకంలో మార్పు రాకపోయినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. తీపి కలిపిన పానీయాలు మానాలి. కాఫీ తాగేవారిలో ఫైబ్రోసిస్ తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది, కాబట్టి చక్కెర లేని కాఫీ అలవాటు ఉంటే మానక్కర్లేదు. మద్యం విషయంలో మాత్రం బేరం లేదు. ఎఫ్2, ఆపై దశలో ఉంటే పూర్తిగా ఆపేయడమే సరైనది.

ఎఫ్0, ఎఫ్1 దశలో ఉన్నవారికి కాలేయం కోసం వేరే మందు అవసరం లేదు. వారు భయపడాల్సింది కాలేయం కంటే గుండె గురించి. ఫ్యాటీ లివర్ ఉన్నవారి మరణాల్లో మొదటి స్థానం గుండె, రక్తనాళాల జబ్బులదే. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టుకోవడమే వారి అసలు చికిత్స. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు కాలేయానికి చేటు చేస్తాయని మానేసేవారున్నారు. ఫ్యాటీ లివర్‌లో స్టాటిన్లు సురక్షితం, అవసరమున్నవారు వాడాల్సిందే.

మాత్ర, ఇంజెక్షన్: ఎఫ్2, ఎఫ్3 వారి అసలు ఎంపిక

అమెరికాలో 2024 మార్చి దాకా ఈ జబ్బుకు ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు. ఆ నెలలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెస్మెటిరోమ్‌ను ఆమోదించింది, దాని బ్రాండ్ పేరు రెజ్‌డిఫ్రా. 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్‌కు, అంటే వెగోవీకి, ఇదే జబ్బుకు ఆమోదం దొరికింది. రెండూ ఎఫ్2, ఎఫ్3 దశల వారికే. సిర్రోసిస్ వచ్చినవారికి ఈ ఆమోదం వర్తించదు.

రెస్మెటిరోమ్ రోజుకొక మాత్ర. థైరాయిడ్ హార్మోన్ కాలేయంలో చేసే పనిని మాత్రమే అనుకరిస్తుంది, దాంతో కాలేయం కొవ్వును ఎక్కువగా కరిగించుకుంటుంది. బరువు తగ్గించదు. సెమాగ్లూటైడ్ వారానికొక ఇంజెక్షన్. ఆకలి తగ్గించి, బరువు తగ్గించి, ఆ దారిలో కాలేయానికి మేలు చేస్తుంది. కాలేయ కణాల మీద దాని ప్రభావం నేరుగా ఉండదు.

ఇక అంకెలు. రెస్మెటిరోమ్‌ను 966 మంది మీద పరీక్షించి 52 వారాలకు బయాప్సీలు చూశారు. 100 మిల్లీగ్రాముల మోతాదులో 29.9 శాతం మందికి, 80 మిల్లీగ్రాములతో 25.9 శాతం మందికి వాపు పోయింది. పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 9.7 శాతం. ఫైబ్రోసిస్ ఒక దశ తగ్గింది 25.9, 24.2 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రతో 14.2 శాతం మందికి. సెమాగ్లూటైడ్ పరీక్షలో మొదటి 800 మంది ఫలితాలు 72 వారాలకు తేలాయి. వాపు పోయింది 62.9 శాతం మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 34.3 శాతం మందికి. ఫైబ్రోసిస్ తగ్గింది 36.8 శాతానికి, రెండో వైపు 22.4 శాతానికి.

62.9 పక్కన 29.9 పెట్టి సెమాగ్లూటైడ్ రెట్టింపు మంచిదని తేల్చేయడం తప్పు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారి అంకెలే ఒక చోట 9.7, మరో చోట 34.3 ఉన్నాయంటే రెండు పరీక్షల కొలబద్దలు, వాటిలో చేరిన మనుషులు, కాలం వేరని అర్థం. తేడాలను మాత్రమే చూస్తే కొంత న్యాయం. ఫైబ్రోసిస్ విషయంలో రెస్మెటిరోమ్ అదనంగా ఇచ్చింది 10 నుంచి 12 శాతం, సెమాగ్లూటైడ్ ఇచ్చింది 14 శాతం. మరోలా చెప్పాలంటే, మందు వల్లే ఒకరికి ఫైబ్రోసిస్ తగ్గాలంటే సుమారు తొమ్మిది పదిమందికి రెస్మెటిరోమ్, ఏడుగురికి సెమాగ్లూటైడ్ వాడాలి. వాపు విషయంలో సెమాగ్లూటైడ్ వైపు మొగ్గు కొంత స్పష్టంగా ఉంది. ఈ రెండిటినీ ముఖాముఖి పోల్చిన పెద్ద పరీక్ష లేకుండా అంతకు మించి చెప్పడం అతి అవుతుంది.

అందుకే ఎంపికను కాలేయం అంకెలతో కాక, మనిషికి ఇంకేం జబ్బులున్నాయన్న దానితో చేయాలి. లావు ఉండి, షుగర్ ఉండి, గుండె జబ్బు ఉన్నవారికి నా మొదటి మాట సెమాగ్లూటైడ్. 17,604 మంది మీద జరిగిన సెలెక్ట్ పరీక్షలో, షుగర్ లేకున్నా అధిక బరువుతో పాటు గుండె జబ్బు ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. ఒకే ఇంజెక్షన్ మూడు జబ్బుల మీద పనిచేస్తుంటే దాన్ని పక్కన పెట్టడానికి గట్టి కారణం ఉండాలి.

అలాంటి కారణాలు ఉంటాయి కూడా. తనకు గానీ కుటుంబంలో గానీ మెడులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు, ఎంఈఎన్2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారు సెమాగ్లూటైడ్ వాడకూడదు. ప్యాంక్రియాస్ వాపు వచ్చినవారు, షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారు డాక్టరుతో ముందే మాట్లాడాలి. వికారం, వాంతులు, మలబద్ధకం మొదటి నెలల్లో సాధారణం. గర్భం కోరుకునేవారు కనీసం రెండు నెలల ముందే ఆపాలి. కండ కూడా తగ్గుతుంది కాబట్టి తగినంత ప్రొటీన్, బరువులతో వ్యాయామం తప్పవు. పెద్ద వయసువారిలో ఇది చిన్న విషయం కాదు. ఆపితే ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి. బరువు కోసం వాడినవారిని ఒక అధ్యయనంలో గమనిస్తే, ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది.

బరువు మామూలుగా ఉన్నవారికి, ఇంజెక్షన్ పడనివారికి, సెమాగ్లూటైడ్ వాడి బరువు తగ్గినా ఫైబ్రోసిస్ తగ్గనివారికి రెస్మెటిరోమ్ నప్పుతుంది. చెడ్డ కొలెస్ట్రాల్‌ను కూడా 14 నుంచి 16 శాతం దించుతుంది. విరేచనాలు, వికారం మొదట్లో ఉండి తగ్గిపోతాయి. పిత్తాశయ రాళ్ల మీద కన్నేసి ఉంచాలి. ముఖ్యమైనది వేరే మందులతో కలిపి వాడేటప్పటి జాగ్రత్త. రోసువాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, అటోర్వాస్టాటిన్, ప్రవాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు దాటకూడదు. ట్రైగ్లిజరైడ్లకు వాడే జెమ్‌ఫైబ్రోజిల్‌తో కలిపి అసలు వాడకూడదు. మోతాదు బరువును బట్టి ఉంటుంది: 100 కిలోల లోపు వారికి 80 మిల్లీగ్రాములు, ఆపైన 100.

ఒక సంగతి దాచకూడదు. ఈ రెండు మందులకూ దొరికింది త్వరిత ఆమోదం. బయాప్సీలో మెరుగుదల చూసి ఇచ్చారు. సిర్రోసిస్, మరణాలు నిజంగా తగ్గుతాయా అన్నది తేల్చే దీర్ఘకాల భాగం ఆ పరీక్షల్లో కొనసాగుతోంది.

పాత మందులు

కొత్తవి అందుబాటులో లేనివారు పాతవాటిని తీసిపారేయక్కర్లేదు. షుగర్ లేనివారి మీద జరిగి 2010లో వెలువడిన పివెన్స్ పరీక్షలో రోజుకు 800 యూనిట్ల విటమిన్ ఇ వాడినవారిలో 43 శాతం మందికి కాలేయం మెరుగైంది, ఉత్తుత్తి మాత్రతో 19 శాతం మందికి. ఫైబ్రోసిస్ మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ విటమిన్‌ను ఎక్కువ కాలం వాడిన పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ కొంత పెరిగినట్టు మరో పెద్ద పరీక్షలో కనిపించింది, కాబట్టి విటమినే కదా అని సొంతంగా మొదలుపెట్టొద్దు. పయోగ్లిటజోన్ షుగర్ ఉన్నవారి కాలేయానికి మేలు చేస్తుంది, కానీ బరువు పెంచుతుంది, ఎముకల్ని బలహీనపరుస్తుంది, గుండె వైఫల్యం ఉన్నవారికి పనికిరాదు. షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్ కాలేయ వాపును, ఫైబ్రోసిస్‌ను తగ్గించినట్టు 154 మంది మీద చైనాలో జరిగి 2025లో వెలువడిన పరీక్ష చూపింది. సంఖ్య చిన్నదే అయినా, షుగర్‌కు ఎలాగూ మందు కావాలంటే దీన్ని ముందుకు తేవడం సబబే. మెట్‌ఫార్మిన్ షుగర్‌కు మంచిదే, కాలేయాన్ని బాగుచేయదు.

అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ మాత్రలను ఫ్యాటీ లివర్‌కు వాడమని ప్రధాన మార్గదర్శకాలు చెప్పడం లేదు. ‘లివర్ టానిక్’ అని అమ్మేవాటికి ఫైబ్రోసిస్ తగ్గించిన రుజువు లేదు. గ్రీన్ టీ సారం, పసుపు సారం మాత్రలు కొందరిలో తీవ్రమైన హెపటైటిస్ తెచ్చిన దాఖలాలున్నాయి. కాలేయం బాగుపడాలని వేసుకున్నదే దాన్ని దెబ్బతీయడం నన్ను బాధపెట్టే విషయం.

ఆపరేషన్ ఎప్పుడు

బాగా లావుగా ఉన్నవారికి బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించేందుకు జీర్ణాశయం మీద చేసే ఆపరేషన్) చివరి అస్త్రం కాదు, సరైన సమయంలో బలమైన దారి. 288 మందితో ఇటలీలో జరిగి 2023లో వెలువడిన బ్రేవ్స్ పరీక్షలో ఏడాది తర్వాత నాష్ పోయింది గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిలో 56 శాతం, స్లీవ్ చేయించుకున్నవారిలో 57 శాతం, జీవనశైలి మార్పుల గుంపులో 16 శాతం. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ రోగుల్ని గమనించిన స్ప్లెండర్ అధ్యయనంలో పదేళ్లకు లెక్కగడితే సిర్రోసిస్, కాలేయ క్యాన్సర్ లాంటి పెద్ద ఫలితాలు సర్జరీ చేయించుకున్నవారిలో 2.3 శాతం, చేయించుకోనివారిలో 9.6 శాతం. ఏడాదిలోపు సర్జరీ సమస్యలతో 0.6 శాతం మంది చనిపోయారన్నదీ అదే అధ్యయనం చెప్పింది. రెండూ కలిపి చూసుకుని నిర్ణయించుకోవాలి. సిర్రోసిస్ ముదిరి పొట్టలో నీరు చేరిన తర్వాత ఈ ఆపరేషన్ ప్రమాదం. అందుకే చేయించుకోవాలనుకునేవారు ఆ దశ దాకా ఆగకూడదు.

టిర్జెపటైడ్ ఇంజెక్షన్ 190 మంది మీద 52 వారాల పరీక్షలో మంచి ఫలితమిచ్చింది. పెద్ద మోతాదులో 62 శాతం మందికి వాపు పోయింది, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 10 శాతం మందికి. షుగర్‌కో, బరువుకో ఇది ఇప్పటికే వాడుతున్నవారు కాలేయం కోసం సెమాగ్లూటైడ్‌కు మారాలని తొందరపడక్కర్లేదని నా అభిప్రాయం.

సిర్రోసిస్ ఉన్నవారికి లెక్క వేరు. సెమాగ్లూటైడ్ ఈ దశలో 71 మందితో చేసిన చిన్న పరీక్షలో ఫైబ్రోసిస్‌ను తగ్గించలేకపోయింది. ఎఫ్రుక్సిఫెర్మిన్ అనే మరో ఇంజెక్షన్ 36 వారాలకు అనుకున్న ఫలితం ఇవ్వలేదు, 96 వారాల దగ్గర మాత్రం కొందరిలో సిర్రోసిస్ వెనక్కి తగ్గిన సూచనలు చూపింది. ఇంకా పరిశోధనలోనే ఉంది. కాబట్టి ఈ దశలో ఎంచుకోవాల్సింది మందు కంటే కాపలా. ఆరు నెలలకోసారి క్యాన్సర్ కోసం అల్ట్రాసౌండ్, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాల పరీక్ష, హెపటైటిస్ ఎ, బి టీకాలు, మద్యం పూర్తిగా బంద్. పొట్టలో నీరు, రక్తపు వాంతి, అయోమయం, కామెర్లలో ఏది కనిపించినా కాలేయ మార్పిడి చేసే కేంద్రంలో వెంటనే చూపించుకోవాలి.

మందు మొదలుపెట్టిన ఎఫ్2, ఎఫ్3 వారు ఆరు నెలలకు ఏఎల్‌టీ, ఏడాదికి ఫైబ్రోస్కాన్ చూసుకోవాలి. ఏఎల్‌టీ తగ్గి, కాలేయం మెత్తబడి ఉంటే కొనసాగించాలి. ఏడాది దాటినా రెండిటిలో ఏదీ కదలకపోతే, ఆ మందునే పట్టుకుని వేలాడకుండా మార్చడమో, రెండోది కలపడమో డాక్టరుతో తేల్చుకోవాలి. కొలతలు ప్రతిసారీ ఒకే తరహా యంత్రం మీద, ఖాళీ కడుపుతోనే చేయించుకోవాలి. లేకపోతే మారింది కాలేయమా, యంత్రమా అన్నది తెలియదు.